జడ్జి పేరు పక్కన ఖాళీ గడి

2022 అక్టోబర్‌లో నాకు మొదటిసారి ఓటు కవర్ పోస్టులో వచ్చింది. అమెరికా సిటిజన్ అయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో మా డైనింగ్ టేబుల్ మీద ఆ పొడుగాటి కాగితాలు పరుచుకుని గవర్నర్ అయిపోయి, సెనేటర్ అయిపోయి, కిందకి వచ్చేసరికి ఒకచోట చెయ్యి ఆగిపోయింది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు జడ్జీలు నలుగురి పేర్లు: పట్రీషియా గెరేరో, గుడ్విన్ లియు, మార్టిన్ జెంకిన్స్, జాషువా గ్రోబన్. ఒక్కొక్కరి పేరు కింద ఎస్, నో. ఎదురు పోటీ ఎవరూ లేరు. ఈ మనిషిని ఆ కుర్చీలో ఉంచాలా వద్దా, అంతే.

నాన్నకి ఫోన్ చేశా. మా నాన్న తెనాలిలో కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైర్ అయ్యారు. "ఏంటమ్మా, జడ్జీలకి ఓట్లా?" అని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన పాత మున్సిఫ్ గారొకాయన గురించి చెప్పారు. ఆయన ఊళ్ళో ఉన్న మూడేళ్ళలో ఒక్క పెళ్ళికి వెళ్ళలేదంట, శుభలేఖ తెచ్చినవాళ్ళకి గుమ్మంలోనే దణ్ణం పెట్టి పంపేసేవారంట, కూరగాయలకి కూడా బంట్రోతే వెళ్ళేవాడంట, ఎందుకంటే వంకాయలమ్మే మనిషి రేపు బోనులో నిలబడొచ్చు. "అట్టాంటి మనిషి నాకు ఓటెయ్యండి అని ఎవర్ని అడుగుతాడు తల్లీ" అన్నారు.

ఆ రాత్రి ఆ నాలుగు గడులూ ఖాళీగా వదిలేసి కవర్ అంటించేశా. మా స్నేహితుల్ని అడిగితే చాలామందిది అదే పద్ధతి, కొంతమంది నలుగురికీ ఎస్ కొట్టేశారు, ఒకాయన మాత్రం నలుగురికీ నో కొట్టారు, కార్ల అద్దాలు పగలగొట్టి లాప్‌టాప్‌లు ఎత్తుకుపోతున్నా ఎవడికీ శిక్ష పడట్లేదని ఆయన కోపం. ఆ కోపం నాకు అర్థమైంది, మా కారు అద్దం కూడా పగిలింది. కానీ ఆ నో అనే గడి ఎంత దూరం వెళ్తుందో తర్వాత తెలిసింది, 1986లో ఇదే ఓటుతో కుర్చీ పోగొట్టుకున్న కాలిఫోర్నియా చీఫ్ జస్టిస్ రోజ్ బర్డ్ గురించి చదవడం మొదలుపెట్టాక. అప్పట్నుంచి ఆవిడ నా బుర్రలోంచి పోవట్లేదు.

నా మాట ముందే చెప్పేస్తా. తీర్పు నచ్చలేదని జడ్జిని ఓటుతో దించే వీలు ఉండకూడదు. దింపితే పోయేది ఆ ఒక్క మనిషే అనుకుంటాం, కాదు, ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చునే ప్రతివాళ్ళూ సంతకం పెట్టేముందు ఒకసారి కిటికీలోంచి బయటికి చూస్తారు.

రోజ్ ఎలిజబెత్ బర్డ్ 1936లో ఆరిజోనాలో టూసాన్‌లో పుట్టింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి పిల్లల్ని తీసుకుని న్యూయార్క్ వైపు వెళ్ళి ఫ్యాక్టరీలో పనిచేస్తూ పెంచింది. లాంగ్ ఐలాండ్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ మీద చదివి, 1965లో బర్క్‌లీలో లా పూర్తి చేసింది. నెవాడా సుప్రీంకోర్టులో క్లర్కుగా చేరిన మొదటి ఆడమనిషి ఆవిడే, ఆ తర్వాత మా శాంటా క్లారా కౌంటీలో పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో మొదటి మహిళా లాయరూ ఆవిడే. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేనివాళ్ళ తరఫున ప్రభుత్వ ఖర్చు మీద వాదించే ఉద్యోగం అది, 1966 నుంచి 1974 దాకా అదే చేసింది. అంటే నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే ఈ శాన్ హోసే రోడ్ల మీదే ఆవిడ ఫైళ్ళు పట్టుకుని తిరిగింది, ఇరవై ఏళ్ళు ఇక్కడ ఉండి నాకు ఆ పేరు తెలీదు.

బర్క్‌లీలో చదివేటప్పుడు ఇంటర్నేషనల్ హౌస్‌లో పరిచయమైన జెర్రీ బ్రౌన్ 1974లో గవర్నర్‌గా పోటీ చేస్తే ఆ ప్రచారంలో ఈవిడ ఆయన కారు నడిపింది. ఆయన గెలిచి 1975లో ఆవిడని వ్యవసాయం, సేవల శాఖకి సెక్రటరీని చేశాడు. కాలిఫోర్నియాలో ఆ హోదాకి వచ్చిన మొదటి మహిళ. ఈ ఉద్యోగం గురించి ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే పదేళ్ళ తర్వాత ఆవిడ మీదకి వచ్చిన డబ్బులో కొంత ఇక్కడే మొదలైంది.

అప్పట్లో సలినాస్ లోయలో పాలకూరలాంటి లెట్యూస్ తోటల్లో, బీట్ చేలల్లో మెక్సికన్ కూలీల చేతికి పొట్టి పిడి పార ఇచ్చేవాళ్ళు. ఎల్ కోర్టీటో అంటారు. పిడి అడుగో అడుగున్నరో ఉంటుంది, దాంతో పని చెయ్యాలంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుం రెండుగా వంచే ఉండాలి. పొడుగు పిడిది ఇస్తే మొక్కలు పాడుచేస్తారు అని రైతుల వాదన, కానీ కూలీలు చెప్పేది వేరు, ఎవడు వంగి ఉన్నాడో ఎవడు నిలబడ్డాడో మేస్త్రీకి దూరం నుంచే కనిపించాలి, అందుకే అని. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కలుపు తీతకి వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం గట్టు మీద నడుం పట్టుకుని కూలబడడం చూసి పెరిగినదాన్ని, నాకు దీనికి వివరణ అక్కర్లేదు. 1975 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూలీల వైపు తీర్పు ఇచ్చింది, కొన్ని నెలలకే ఈవిడ శాఖ కింద ఉన్న విభాగం ఆ పారని నిషేధించింది. అదే ఏడాది వ్యవసాయ కూలీలకి యూనియన్ పెట్టుకునే హక్కు ఇచ్చిన చట్టం రాయడంలో కూడా ఆవిడ చెయ్యి ఉంది. పెద్ద తోటల యజమానులు ఇవేవీ మర్చిపోలేదు.

1977లో జెర్రీ బ్రౌన్ ఆవిడని నేరుగా రాష్ట్ర సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌ని చేశాడు. వయసు 40. అప్పటిదాకా ఒక్కరోజు కూడా జడ్జిగా కూర్చోలేదు. ఆ కోర్టులో ఆడమనిషి జడ్జిగా రావడమే మొదటిసారి. అందరికంటే సీనియర్లు, ఆ కుర్చీ తమకే వస్తుందనుకున్నవాళ్ళు పక్కనే ఉన్నారు. నియామకాన్ని ఒప్పుకోవాల్సిన ముగ్గురి కమిషన్‌లో ఓట్లు 2-1. నేను ఇక్కడ ఆవిడని వెనకేసుకురాను, జెర్రీ బ్రౌన్ ఇంకొంచెం ఆలోచించాల్సింది, కనీసం మామూలు జడ్జిగా వేసి కొన్నాళ్ళాగి చీఫ్‌ని చేసుంటే సగం గొడవ ఉండేది కాదు. పైగా ఆవిడది నలుగురితో కలిసే స్వభావం కాదు. చీఫ్ జస్టిస్‌కి ఉన్న పెద్ద లిమోజీన్ కారు వద్దని తీసేయించింది, ప్రయాణాల్లో చవక హోటళ్ళలో దిగేది, తలుపేసుకుని పనిచేసుకునేది. మా నాన్న చెప్పిన మున్సిఫ్ గారి లక్షణాలే. మన దగ్గర అది గౌరవం, అక్కడ అది పొగరు అనిపించుకుంది.

ఆ కోర్టు ఏం చేసింది అనడానికి మా వాళ్ళందరికీ తెలిసిన ఒక చోటు చెప్తా. క్యాంప్‌బెల్‌లో ప్రూన్‌యార్డ్ షాపింగ్ సెంటర్. అక్కడ కొంతమంది హైస్కూల్ పిల్లలు టేబుల్ వేసుకుని ఒక అర్జీ మీద సంతకాలు తీసుకుంటుంటే ఇది మా సొంత స్థలం అని సెక్యూరిటీ వాళ్ళు పంపించేశారు. 1979లో రోజ్ బర్డ్ ఉన్న కోర్టు 4-3తో పిల్లల వైపు చెప్పింది, జనం వచ్చిపోయే ఇంత పెద్ద చోట మాట్లాడే హక్కు కాలిఫోర్నియా రాజ్యాంగం ఇస్తుంది అని. మరుసటేడు దేశ సుప్రీంకోర్టు కూడా అది చెల్లుతుంది అంది. ఆ నాలుగో ఓటు లేకపోతే ఆ టేబుల్ లేదు.

కాలిఫోర్నియాలో ఈ ఎస్, నో పద్ధతి 1934లో వచ్చింది. అంతకుముందు జడ్జీలు నేరుగా ఒకరి మీద ఒకరు పోటీ చేసేవాళ్ళు, అది మరీ ఘోరం అని దీన్ని తెచ్చారు. యాభై ఏళ్ళపాటు సుప్రీంకోర్టు జడ్జి ఒక్కరు కూడా ఓడిపోలేదు, జనం అలా గడి నింపేసి వెళ్ళిపోయేవాళ్ళు. రోజ్ బర్డ్ 1978లో మొదటిసారి బ్యాలెట్ ఎక్కినప్పుడు 51.7 శాతంతో బయటపడింది. సరిగ్గా పోలింగ్ రోజు పొద్దున లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో వార్త, తుపాకీ నేరాల చట్టం మీద ఒక తీర్పుని ఎన్నిక అయ్యేదాకా కోర్టు కావాలని తొక్కిపెట్టింది అని. దాని మీద 1979లో టీవీ కెమెరాల ముందు విచారణ జరిగింది, జడ్జీలు ఒకరి మీద ఒకరు సాక్ష్యం చెప్పుకున్నారు, చివరికి ఎవరి మీదా ఏ ఆరోపణా పెట్టకుండానే ముగిసింది. ముగిసినా మరక మాత్రం ఉండిపోయింది.

అదే 1978 బ్యాలెట్ మీద ఇంకోటి కూడా ఉంది, ప్రొపోజిషన్ 7. మరణశిక్ష వెయ్యదగ్గ కేసుల జాబితాని బాగా పెంచేసిన చట్టం, దాన్ని తెచ్చిన రాష్ట్ర సెనేటర్ పేరు మీద బ్రిగ్స్ చట్టం అంటారు. జనం భారీగా గెలిపించారు. ఇక్కడ ఒక విషయం తెలియాలి. కాలిఫోర్నియాలో ఎవరికైనా మరణశిక్ష పడితే అది దానంతటదే నేరుగా రాష్ట్ర సుప్రీంకోర్టుకి వెళ్తుంది, ముద్దాయి అడిగినా అడక్కపోయినా. కాబట్టి హడావిడిగా రాసిన కొత్త చట్టంలో ఉన్న ప్రతి లొసుగూ ఆ ఏడుగురి బల్ల మీదకే వచ్చి పడింది. దోపిడీలో మనిషి చనిపోతే, చంపాలనే ఉద్దేశం లేకపోయినా మరణశిక్ష వెయ్యొచ్చా? చట్టంలో మాటలు అటూ ఇటూ చదువుకోవచ్చు. 1983లో కార్లోస్ కేసులో కోర్టు, ఉద్దేశం ఉండాలి అంది. దాంతో ఆ మాట జ్యూరీకి చెప్పకుండా నడిపిన పాత కేసులు వరసగా వెనక్కి వెళ్ళాయి.

రోజ్ బర్డ్ ముందుకి మొత్తం 64 మరణశిక్ష కేసులు వచ్చాయి. 64లోనూ శిక్ష కొట్టేయాలనే చెప్పింది. ఆవిడ మీద ప్రచారం అంతా ఈ ఒక్క అంకె మీదే నడిచింది. కానీ అందులో 61 కేసుల్లో కనీసం ఇంకో ముగ్గురు జడ్జీలు ఆవిడతో కలిసి ఓటు వేశారు అనే సంగతి ఎవరూ చెప్పరు. ఏడుగురి కోర్టులో ఒక్క మనిషి ఎవర్నీ కాపాడలేదు, కనీసం నలుగురు కావాలి.

ఇప్పుడు నాకు కష్టమైన చోటికి వస్తున్నా. 1979లో హంటింగ్టన్ బీచ్‌లో పన్నెండేళ్ళ అమ్మాయిని ఎత్తుకెళ్ళి చంపిన రాడ్నీ అల్కాలా కేసు. జ్యూరీ మరణశిక్ష అంది, 1984లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అతని పాత నేరాల గురించి జ్యూరీకి చెప్పడం తప్పు అని. వాడు సీరియల్ హంతకుడే అని తర్వాత డీఎన్‌ఏలో తేలింది. ఆ అమ్మాయి తల్లి 1986లో రోజ్ బర్డ్‌కి వ్యతిరేకంగా ప్రచారంలోకి వచ్చింది. నాకు పదకొండేళ్ళ కూతురుంది. ఆ తల్లి ఏడుపు ముందు ఎవిడెన్స్ రూల్ గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు, ఆవిడ కోపం తప్పు అని నేను ఎప్పటికీ అనను.

కానీ ఒకటి అడుగుతా. ఆ తీర్పు తర్వాత వాడేమీ ఇంటికి వెళ్ళలేదు. జైల్లోనే ఉన్నాడు, మళ్ళీ ట్రయల్ జరిగింది, 1986లోనే మళ్ళీ శిక్ష పడింది. ఆ రెండోదాన్ని 2003లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది, అక్కడ రోజ్ బర్డ్ లేదు. 2010లో మూడోసారి ట్రయల్ జరిగితే ఆ అమ్మాయితో పాటు ఇంకో నలుగురు ఆడవాళ్ళ హత్యలు కూడా రుజువయ్యాయి. 2021లో వాడు ఖైదీగానే సహజంగా చచ్చాడు. తీర్పు కొట్టేయడం అంటే నేరస్థుణ్ణి వదిలేయడం అని ముప్ఫై సెకన్ల టీవీ యాడ్ చూసినవాళ్ళు నమ్మారు, దానికి జవాబు చెప్పాలంటే పై వాక్యాలన్నీ కావాలి. కేసు మళ్ళీ ట్రయల్‌కి వెళ్ళింది కాబట్టి దాని మీద జడ్జి నోరు విప్పకూడదు కూడా. ఒకళ్ళ నోటికి గుడ్డ కట్టి, ఇంకొకళ్ళకి మైకు ఇచ్చి, ఇప్పుడు ఓటెయ్యండి అంటే అది ఎన్నిక ఎలా అవుతుంది?

1986 ప్రచారంలో అన్ని వైపులా కలిపి కోటి డాలర్లు పైనే ఖర్చయింది, ఒక రాష్ట్ర కోర్టు ఎన్నికకి అప్పట్లో అది కనీవినీ ఎరగని మొత్తం. ముందు నిలబడింది బాధితుల కుటుంబాలు, వెనక డబ్బులో తోటల యజమానులు, వ్యాపారస్తులు ఉన్నారు. వాళ్ళకి మరణశిక్షతో పనేముంది? కూలీల కేసులు, కంపెనీల మీద వేసే నష్టపరిహారం కేసులు, వాటిలో ఈ కోర్టు ఇచ్చే తీర్పులు వాళ్ళకి కావాల్సింది. గవర్నర్ జార్జ్ డ్యూక్‌మేజియన్ స్వయంగా ఆవిణ్ణి ఓడించండి అని చెప్పాడు. ఆయన రాష్ట్ర సెనేటర్‌గా ఉన్నప్పుడు 1977 మరణశిక్ష చట్టం తెచ్చిన మనిషి, జడ్జీలు ఓడిపోతే ఆ ఖాళీలు నింపేదీ ఆయనే.

నవంబర్ 4న ఫలితం. రోజ్ బర్డ్‌కి మూడింట రెండు వంతుల మంది నో అన్నారు. ఆవిడతో పాటు క్రూజ్ రేనోసో, జోసెఫ్ గ్రోడిన్ కూడా పోయారు. రేనోసో ఆ కోర్టులో మొదటి లాటినో జడ్జి, పదకొండు మంది పిల్లలున్న పొలం కూలీల ఇంట్లో పుట్టి చిన్నప్పుడు తనూ ఆ పనే చేసినవాడు. గ్రోడిన్ అయితే కొన్ని కేసుల్లో మరణశిక్ష ఉంచాలనే చెప్పినవాడు. అదే బ్యాలెట్ మీద స్టాన్లీ మాస్క్ కూడా ఉన్నాడు, చాలా కేసుల్లో శిక్ష కొట్టేయాలని వాళ్ళతో కలిసి ఓటేసిన పెద్దాయన, ఆయన హాయిగా గెలిచాడు. తీర్పులు చదివి ఓటేసి ఉంటే ఇలా జరిగేదా? ఓడిన ముగ్గురూ జెర్రీ బ్రౌన్ వేసినవాళ్ళు, మాస్క్ ఆయన తండ్రి పాట్ బ్రౌన్ వేసినవాడు. మూడు ఖాళీలూ డ్యూక్‌మేజియన్ నింపాడు, అప్పటికే ఆ కోర్టులో ఉన్న తన పాత లా పార్ట్‌నర్ మాల్కం లూకస్‌ని చీఫ్ జస్టిస్‌ని చేశాడు. కార్లోస్ తీర్పుని 1987లోనే, ఏడాది తిరక్కుండా, కొత్త కోర్టు తిరగరాసింది. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, మారింది మనుషులు.

పోనీ అంత చేసి జనానికి కావాల్సింది దొరికిందా అంటే, ఆ తర్వాత ఇప్పటిదాకా కాలిఫోర్నియాలో అమలైన మరణశిక్షలు మొత్తం 13. మొదటిది 1992లో, చివరిది 2006లో. 2019లో గవర్నర్ ఆపేశాడు.

ఒటో కౌస్ అని 1985 దాకా ఆవిడ పక్కన కూర్చున్న జడ్జి ఒకాయన చెప్పిన పోలిక ఉంది. ఎన్నిక దగ్గరలో ఉన్నప్పుడు కేసు తీర్పు రాయడం అంటే, పొద్దున గడ్డం గీసుకోవడానికి వెళ్తే బాత్‌టబ్‌లో మొసలి ఉన్నట్టు, దాన్ని పట్టించుకోకూడదు అని నీకు తెలుసు, కానీ ఎలా పట్టించుకోకుండా ఉంటావు అని ఆయన బాధ. తన తీర్పులో ఆ భయం కలిసిందో లేదో తనకే తెలీదన్నాడు. నిజాయితీపరుడు కాబట్టి పైకి చెప్పాడు. రోజ్ బర్డ్‌కి మాత్రం ఆ మొసలి కనపడలేదో, కనపడినా లెక్కచెయ్యలేదో. నాకు ఆవిడ మీద ఉన్న గౌరవమంతా అక్కడే ఉంది.

ఇదంతా చెప్తే నాన్న కోకా సుబ్బారావు గారి పేరు ఎత్తారు. మన రాజమండ్రి ఆయన, 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో 6-5తో పార్లమెంటుకి ప్రాథమిక హక్కులు తీసేసే అధికారం లేదు అన్న చీఫ్ జస్టిస్. ఢిల్లీకి ఎంత కోపం వచ్చినా ఆ తీర్పు కోసం ఆయన్ని దించే దారి లేదు. కానీ ఆయనే రెండు నెలల్లో రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. నాన్నకి ఇప్పటికీ అది మింగుడు పడదు. "ఆ కుర్చీలోంచి లేచి ఓట్లు అడగడానికి ఎట్టా వెళ్ళబుద్ధేసింది ఆయనకి" అంటారు. మన పద్ధతి గొప్పదని నేను అనట్లేదు, జడ్జీలే జడ్జీలని ఎంచుకునే కొలీజియంలో ఎవరిని ఎందుకు వేశారో, ఎవరిని ఎందుకు ఆపారో బయటికి సరిగ్గా చెప్పరు, అదీ నాకు నచ్చదు. వేసేటప్పుడు ఎంత గట్టిగా అడగాలో అంత గట్టిగా అడగండి, అందరి ముందూ అడగండి. ఒకసారి కూర్చోబెట్టాక లంచం తింటే, తప్పుడు పని చేస్తే దించే దారి ఉండాలి. తీర్పుకి మాత్రం దించకండి.

ఓడిపోయాక ఆవిడ పాలో ఆల్టోలో తల్లి దగ్గరే ఉంది. కాలిఫోర్నియా మాజీ చీఫ్ జస్టిస్‌కి పెద్ద లా ఫర్ముల నుంచి పిలుపు రాలేదు. 1976లోనే రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, అది మళ్ళీ మళ్ళీ వచ్చింది, అంటే దాదాపు ఆ పదేళ్ళూ ఆవిడ ఆ జబ్బుని మోస్తూనే కోర్టు నడిపింది. 1991లో తల్లి పోయింది. ఆ రోజుల్లో ఈస్ట్ పాలో ఆల్టోలో పేదవాళ్ళ కోసం నడిపే ఒక లీగల్ సెంటర్‌కి వెళ్ళి వాలంటీర్‌గా పని చేస్తా అని అడిగితే, ఎవరో గుర్తుపట్టక జెరాక్స్ మెషీన్ దగ్గర పెట్టారు. ఆవిడ ఏమీ చెప్పకుండా కాపీలు తీసింది. 1999 డిసెంబర్ 4న చనిపోయింది, 63 ఏళ్ళు.

మొన్న ఆదివారం ఫోన్లో ఈ జెరాక్స్ సంగతి నాన్నకి చెప్పా. కోర్టులో కాగితాల మధ్యే ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "ఆ రోజు నువ్వు అక్కడ ఉండుంటే ఆవిడకి ఏం వేసేదానివి?"

ఎస్ వేసేదాన్ని నాన్నా అన్నా. ఆ అమ్మాయి తల్లి నా పక్కనే నిలబడి ఉన్నా ఎస్సే వేసేదాన్ని, కానీ ఆవిడ ముఖంలోకి చూడగలిగేదాన్నో లేదో చెప్పలేను అన్నా.

"ఊఁ" అన్నారు. పాప నిద్రపోయిందా అని అడిగారు.